లెక్క తప్పిన మందు

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు అంచున మేడ్చల్, శామీర్‌పేట అను ఊళ్ళు కలవు. శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా సాగును. కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా పోవును. నగరము చుట్టును 158 కిలోమీటర్ల పొడవున వేసిన వలయ రహదారి ఈ రెండు బాటలను కలుపుచున్నది. ఒకనాడు ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ ప్రాంతము నేడు మందుల తయారీకి పేరుపడినది. శామీర్‌పేట దాపున 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీలో దేశవిదేశముల శిశువులను కాపాడు టీకాలు తయారగుచున్నవి. 2021లో మన ప్రజలకు వేసిన కోవాక్సిన్ టీకాను రూపొందించినదియు ఇచ్చటి సంస్థయే.

ఇట్టి చోట చదువుకొన్న రసాయనికులు, పాత్రలు, యంత్రములు, దూరదేశములకు సరకు చేర్చు దారులు అన్నియు సిద్ధముగా ఉండును. ప్రాణము నిలుపు మందు చేయుటకు ఏ సాధనములు కావలెనో, ప్రాణము తీయు మత్తు చేయుటకును అవియే చాలును. దొంగచాటుగా మత్తుమందులు చేయువారు నగరపు అంచులలోని పారిశ్రామికవాడలను వెదకుకొనుటకు కారణమిదియే.

ఆల్‌ప్రాజోలం అను మందును చూడుడు. మితిమీరిన ఆందోళనతో బాధపడు రోగికి వైద్యుడు దీనిని ఇచ్చును. చిన్నమాత్రలో ఉండు మందు మిల్లీగ్రాములో నాలుగవ వంతు మాత్రమే. అనగా గుప్పిట పట్టు నూరు గ్రాముల పొడితో నాలుగు లక్షల మాత్రలు చేయవచ్చును. ఈ పొడినే దురాశాపరులు కల్లులో కలుపుచున్నారు. నగరమున కల్లు కోరువారు ఎక్కువ. గీతకు దొరకు చెట్లు తక్కువ. అందుచేత ఉన్న కల్లును నీళ్ళతో పెంచి, తగ్గిన మత్తును పొడితో పూరింతురు. త్రాగువానికి ఈ సంగతి తెలియదు. కొంతకాలమునకు వాని శరీరము ఆ పొడికి బానిసయగును.

2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లును అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఎందరో శ్రమజీవులు వణకుచు, మూర్ఛలు పోవుచు, పొంతనలేని మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. అలవాటైన విషము ఒక్కసారిగా అందకపోవుటయే వారి రోగము. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. కుండలోని కల్తీ కంటికి కనబడదు. ఇంటికి ఆధారమైన మనిషి పోయిన పిదప మాత్రము ఆ లోటు దినదినము కనబడును.

మంచికై పుట్టిన మందు చెడుదారి పట్టుట క్రొత్త కాదు. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయమునకు అధిపతిగా పనిచేసిన సయ్యద్ హుసేన్ జహీరుగారును, ఆయన సహచరుడును మలేరియాకు మందు వెదకుచు 1951లో మెథాక్వలోన్ అను పదార్థమును తయారుచేసిరి. తరువాత అది నిద్రమాత్రగా దేశదేశముల వ్యాపించినది. జనులు దానికి బానిసలగుట చూచి పెక్కు దేశములు దానిని నిషేధించినవి. కాని దొంగవ్యాపారము ఆగలేదు. మాండ్రాక్స్ అను పేరుతో ఆ మాత్రలు మన దేశమునుండి ఓడలలో దాగి దక్షిణాఫ్రికాకు చేరుచు వచ్చినవి. 2016లో రాజస్థానమందలి ఉదయపూరున కేంద్రప్రభుత్వ అధికారులు 23 టన్నులకు పైగా ఇట్టి మాత్రలను పట్టుకొనిరి. మేలుకోరి పరిశోధించిన శాస్త్రజ్ఞుల దోషము ఇందులో లేదు. మందు ఎవరు చేయుచున్నారు, ఎంత చేయుచున్నారు, ఎవరికి అమ్ముచున్నారు అను లెక్క తప్పుటయే దోషము.

ఆ లెక్కను తప్పించుటయే ముఠాల పని. పెట్టుబడి పెట్టువాడొకడు, మందు వండువాడొకడు, సరకు మోయువాడొకడు, వీధిలో అమ్మువాడొకడు. వీరిలో ఒకనికి రెండవవాని పేరైనను తెలియకుండ జాగ్రత్తపడుదురు. అందుచేత వీధిలోనివాడు పట్టుపడినను పెట్టుబడిదారుడు తప్పించుకొనును. సరకు ఎల్లదాటినచో ఒక రాష్ట్రపు పోలీసుకు తెలిసినది మరొక రాష్ట్రపు పోలీసుకు తెలియదు. దేశము దాటినచో చట్టమే మారును. ఈ సందులలోనే నేరము పెరుగును.

ఈ సందులను మూయుటకు చట్టములు ఏర్పడినవి. మన దేశమున 1985లో మత్తుమందుల చట్టము వచ్చినది; మరుసటి సంవత్సరము మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ నెలకొన్నది. ఆల్‌ప్రాజోలం నూరు గ్రాములు మించి అక్రమముగా దొరకినచో పదినుండి ఇరువది సంవత్సరముల కఠిన కారాగారశిక్ష పడును. మెఫెడ్రోన్ అను క్రొత్త మత్తును 2015లో ఈ చట్టము క్రిందికి తెచ్చిరి.

అయితే రసాయనములనన్నిటిని నిషేధింపరాదా అని ఎవరైన అడుగవచ్చును. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అను ద్రవమున్నది. జ్వరమునకు వాడు పారాసెటమాల్ తయారీకి అది కావలెను. నల్లమందునుండి హెరాయిన్ చేయువారికిని అదియే కావలెను. దానిని నిషేధించిన రోగికి నష్టము. విచ్చలవిడిగా విడిచిన లోకమునకు నష్టము. కావున మిగిలిన మార్గము పీపా పీపాకు లెక్క వ్రాయుటయే.

ఈ లెక్క ఒక దేశముతో తీరునది కాదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున 1961, 1971, 1988 సంవత్సరములలో మూడు ఒడంబడికలు జరిగినవి. వాని అమలును వియన్నా నగరమందలి అంతర్జాతీయ మండలి ఒకటి కనిపెట్టుచుండును. ఇట్టి రసాయనమును ఒక దేశము ఎగుమతి చేయబోవునపుడు, కొనువాని దేశమునకు ముందుగా కబురంపును. ఆ దేశపు అధికారులు కొనువాడు నిజమైన వ్యాపారి యగునా, ఆ సరకు వానికి అవసరమా అని విచారింతురు. అనుమానము తోచినచో ఓడ కదలకముందే సరకు నిలిచిపోవును. 2006నుండి ఈ కబుర్లు కంప్యూటరు ద్వారా నిమిషములలో అందుచున్నవి.

మరియొక ఉపాయము కలదు. దొంగసరకు జాడ తెలిసినను వెంటనే పట్టక, రహస్యముగా వెంబడించుచు దానిని గమ్యమువరకు పోనిత్తురు. అప్పుడు మోయువానితోపాటు దానిని అందుకొను పెద్దలును చిక్కుదురు. మార్గమున ఏ ఒక్క దేశపు అధికారి తొందరపడినను, నోరుజారినను ఈ ఉపాయము చెడును. పరస్పర విశ్వాసమే దీనికి మూలధనము.

మేడ్చల్ జిల్లాలోనే ఇట్టి వెంబడింపు ఒకటి జరిగినది. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు ముంబయి దాపున చేజిక్కిన కొద్దిపాటి మెఫెడ్రోన్ జాడ పట్టుకొని, మెట్టు మెట్టుగా వెదకుచు చర్లపల్లి పారిశ్రామికవాడకు వచ్చిరి. అచ్చట ఒక రసాయనశాలపై దాడిచేసి వేల లీటర్ల రసాయనములను స్వాధీనపరచుకొనిరి. ఆనాడు చిన్న పొట్లముతోనే తృప్తిపడియుండినచో ఆ జాడ అంతటితో ఆగిపోయెడిది.

శామీర్‌పేటలో నల్సార్ అను న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమున్నది. అదే ప్రాంతమున టీకాలు చేయు శాలలున్నవి. మందు చేయు నేర్పును, దానికి లెక్క అడుగు న్యాయమును ఇట్లు ఇరుగుపొరుగుగా నుండుట ఎంతయు తగియున్నది. ఒకటి లేక రెండవది నిలువదు. ఆ లెక్కలో విద్యార్థులకును పాలు కలదు. ఎవడైన ఊరకే ఇచ్చు పొడిని, మాత్రను ముట్టకుండుట మొదటిది. తెలిసిన సంగతిని పెద్దలకో, 1933 అను ఫోను నంబరునకో తెలుపుట రెండవది. వ్యసనమున చిక్కినవానిని వెలివేయక, 14446 నంబరు ద్వారా వైద్యసహాయమునకు చేర్చుట మూడవది. వాడు మొదట రోగి యని మరువరాదు. సరిహద్దులు దాటివచ్చు విషమును దేశములు కూడి ఆపవలెను. గడప దాటివచ్చు విషమును ఇంటివారు కూడి ఆపవలెను.