గిటార్ కాదు... పికప్ మార్చి చూడండి!

పిల్లలు వీణో, వయొలినో నేర్చుకుంటారనుకుంటే ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని హెవీ మెటల్ అనడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నదే. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయీ అంతే. ‘‘అమ్మా, సౌండ్ పెంచితే ఒకటే గుయ్‌మంటోంది. కొత్త గిటార్ కొనాలి’’ అంది. ఒకపక్క కాలేజీ ఫీజులాయె! అసలు సంగతేమిటో తల్లీకూతుళ్లం కలిసి ఆరా తీశాం. తేలిందేమిటంటే, గిటార్ నిక్షేపంగా ఉంది. మార్చాల్సింది పికప్ మాత్రమే.

ఏమిటీ పికప్?

తీగల కింద ఉండే చిన్న పెట్టె. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఇందులో సన్నని కరెంటు పుట్టి ఆంప్లిఫయర్‌కి వెళ్తుంది. ఈ రాగితీగ చుట్టడంలో పేరు తెచ్చుకున్నది ఓ మహిళే! అమెరికాలో ఫెండర్ కంపెనీలో 1956లో చేరిన అబిగైల్ ఇబార్రా 2013లో రిటైరయ్యేదాకా ఆ పనే చేశారు.

ఒకే చుట్ట ఉన్న పికప్ ట్యూబ్‌లైట్ల, కరెంటు వైర్ల గొణుగుడునూ పట్టేస్తుంది. మెటల్ సంగీతంలో డిస్టార్షన్ ఎక్కువ కాబట్టి ఆ గొణుగుడూ పెద్దదవుతుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ 1955లో రెండు చుట్టల ‘హంబకర్’ రూపొందించారు. మెటల్‌కి వాడేది ఎక్కువగా ఇదే.

కొనేముందు...

* ముందు స్క్రూడ్రైవర్‌తో పాత పికప్ ఎత్తు సరిచేసి చూడండి. పైసా ఖర్చు లేదు.

* మెటల్ రిథమ్ ఎక్కువగా బ్రిడ్జి దగ్గరి పికప్‌తోనే వాయిస్తారు. మొదట అదొక్కటే మారిస్తే ఖర్చు సగం తగ్గుతుంది.

* గిటార్‌లో ఉన్న గాడి కొలత, తీగలు ఆరా ఏడా అన్నది రాసుకుని వెళ్లండి.

* ‘యాక్టివ్’ రకానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. మెటాలికా బృందం వాడి పేరు తెచ్చిన ఈఎంజీ 81 ఇలాంటిదే. వాయించాక కేబుల్ పీకెయ్యకపోతే బ్యాటరీ అయిపోతుంది సుమా! సేమర్ డంకన్ జేబీ, డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటి ‘పాసివ్’ రకాలకు బ్యాటరీతో పనిలేదు.

* ఓమ్‌ల అంకె ఎక్కువుంటే గొప్పదనుకోవద్దు. కారం ఎక్కువైనంత మాత్రాన కూరకు రుచి వస్తుందా? తీగల శ్రుతి బాగా తగ్గించి వాయించేవాళ్లకు మంద్రస్వరాలు మరీ ఉబ్బని పికప్ కావాలి. లేకపోతే అంతా ముద్దగా వినిపిస్తుంది.

దుకాణంలో మా అమ్మాయి అడుగుతుంటే యజమాని జవాబు మాత్రం పక్కనున్న తమ్ముడికి చెప్పాడు. వాడికి గిటార్ పట్టుకోవడమే రాదు! ‘‘మాగ్నెట్ సిరామిక్కా, ఆల్నికోనా? వైర్లు రెండా, నాలుగా?’’ అని అమ్మాయి నిలదీసేసరికి ఇటు తిరిగాడు. తెలిసి అడిగితే ఆడపిల్లనైనా తీసిపారెయ్యలేరు.

బిగించడమూ తనే చేసింది. పాత వైరింగ్ ఫొటో తీసుకుని, కిటికీలు తెరిచి, సోల్డరింగ్ చేసింది. వైర్ల రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, కాగితం చూడాల్సిందే. ఇప్పుడు ఆ గుయ్‌మనే రొద దాదాపు పోయింది.

మీ అమ్మాయీ కొత్త గిటార్ అడుగుతోందా? పర్సు తెరిచేముందు స్క్రూడ్రైవర్ చేతికివ్వండి. డబ్బూ మిగులుతుంది, పనీ వస్తుంది.