కవాట వ్యాధుల్లో హృదయ సామర్థ్య నిర్ధారణ: చిత్రణ పద్ధతుల తులనాత్మక పరిశీలన – గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నేపథ్యం

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మాఘ, ఫాల్గుణ మాసాలు మిరప కోతల కాలం. కల్లంలో తాలుకాయలు ఏరే స్త్రీకి ఆయాసం వస్తే దానిని మిరప ఘాటుకు ఆపాదించడం సులభం. అయితే చిన్ననాటి రుమాటిక్ జ్వరం వల్ల ముడుచుకుపోయిన ద్విపత్ర కవాటం కూడా అటువంటి ఆయాసానికి కారణం కావచ్చు. స్టెతస్కోపు మాత్రమే దీనిని గుర్తించడానికి చాలదు. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లలపై జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో ఎకోకార్డియోగ్రఫీ వైద్యుని వినికిడి కంటే సుమారు పది రెట్లు ఎక్కువ రుమాటిక్ హృద్రోగ కేసులను బయటపెట్టింది.

శస్త్రచికిత్స ఈ ప్రాంతానికి అందనిదేమీ కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే నేతృత్వంలో గుండె మార్పిడి కూడా జరిగింది. ఇక మిగిలిన క్లిష్టమైన ప్రశ్న శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలన్నది. దానికి సమాధానం గుండె చిత్రాన్ని చదివే తీరుపై ఆధారపడి ఉంటుంది.

ఎజెక్షన్ ఫ్రాక్షన్: ఒక అంకె, రెండు అర్థాలు

ఎకో నివేదికలో రోగి బంధువులు మొదట వెదికేది ఎజెక్షన్ ఫ్రాక్షన్. అరవై దాటితే ఊపిరి పీల్చుకుంటారు. కవాట వ్యాధుల్లో ఈ ధీమా అన్నివేళలా చెల్లదు. ద్విపత్ర కవాటం కారుతున్న రోగిని ఊహించుకుందాం. ఎడమ జఠరిక నిండినప్పుడు 160 మి.లీ., సంకోచించాక 56 మి.లీ. రక్తం ఉందనుకుంటే 104 మి.లీ. బయటికి పోయింది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 65 శాతం. కాని ఆ 104లో 52 మి.లీ. వెనక్కి కర్ణికలోకే పోతే శరీరానికి చేరింది సగమే. తక్కువ పీడనం గల కర్ణికలోకి రక్తాన్ని నెట్టడం తేలిక కనుక, బలహీనపడుతున్న కండరం కూడా మంచి అంకెనే చూపుతుంది. అందుకే కవాటంలోనే లోపం ఉన్న ప్రాథమిక రిగర్జిటేషన్ తీవ్రమైనప్పుడు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతానికి దిగినా, సంకోచాంత వ్యాసం 40 మి.మీ.కు చేరినా, లక్షణాలు లేకపోయినప్పటికీ శస్త్రచికిత్సను పరిశీలించాలని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇతర సందర్భాల్లో సాధారణంగా పరిగణించే అంకె ఇక్కడ హెచ్చరిక అవుతుంది.

ఈ అంకెను రాబట్టే పద్ధతులూ సమానమైనవి కావు. ద్విమితీయ ఎకోలో సింప్సన్ పద్ధతి రెండు కోణాల నుండి గీసిన అంచుల ఆధారంగా ఘనపరిమాణాన్ని అంచనా వేస్తుంది. గుండె కొన సరిగా చిక్కకపోతే జఠరిక చిన్నదిగా కనిపిస్తుంది. త్రిమితీయ ఎకో ఈ లోపాన్ని కొంత సవరించినా, ఎం.ఆర్.ఐ.తో పోల్చితే పరిమాణాలను తక్కువగానే చూపుతుంది. స్ట్రెయిన్ పరీక్ష ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గక ముందే కండర క్షీణతను సూచించగలదు. అయితే ఒక సంస్థ యంత్రపు విలువను మరొక సంస్థ యంత్రపు విలువతో నేరుగా పోల్చడం సరికాదు. ఊరు మారినప్పుడల్లా స్కానింగ్ కేంద్రం మారే రోగుల విషయంలో ఇది చిన్న విషయం కాదు.

ఎం.ఆర్.ఐ., సి.టి.: ఎవరికి, ఎందుకు

జఠరికల పరిమాణానికి ఎం.ఆర్.ఐ.ని ప్రమాణంగా భావిస్తారు. బృహద్ధమనిలో ముందుకు సాగిన రక్తాన్ని విడిగా కొలిచి, పై ఉదాహరణలోని 52 మి.లీ. లెక్కను అది తేల్చగలదు. కాని చిత్రాలు అనేక స్పందనల నుండి కూర్చినవి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో లయ తప్పితే నాణ్యత తగ్గుతుంది. వెల్లకిలా పడుకోలేని, ఊపిరి బిగబట్టలేని ఆయాస రోగికి ఆ గొట్టంలో గడపడమే కష్టం.

సి.టి. బృహద్ధమని కవాటం ఇరుకైనప్పుడు ఉపయోగపడుతుంది. కవాట వైశాల్యం 1 చ.సెం.మీ. కంటే తక్కువగా ఉండి, సగటు పీడన వ్యత్యాసం 40 మి.మీ. పాదరసానికి చేరకపోతే ఎకో సందిగ్ధంలో పడుతుంది. అప్పుడు కాంట్రాస్ట్ లేకుండా తీసిన సి.టి.లో కాల్షియం స్కోరు పురుషుల్లో 2000, స్త్రీలలో 1200 దాటితే తీవ్ర వ్యాధికి అవకాశం ఎక్కువ. ఈ హద్దులు వయసుతో గట్టిపడిన కవాటాలకు ఉద్దేశించినవి. రుమాటిక్ కవాటానికి యథాతథంగా వర్తింపజేయరాదు.

ద్విపత్ర కవాటం ఇరుకైనప్పుడు ప్రశ్నే మారిపోతుంది. అక్కడ ఎడమ జఠరిక చాలా మందిలో బాగానే ఉంటుంది. భారమంతా ఎడమ కర్ణిక, ఊపిరితిత్తులు, కుడి జఠరికల మీద పడుతుంది. కవాట వైశాల్యం 1.5 చ.సెం.మీ. లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైనది. దానిని ఎకోలో నేరుగా గీసి కొలవవచ్చు. కుడి జఠరికకు సంబంధించి టాప్సే 17 మి.మీ. కంటే తగ్గితే పనితీరు మందగించినట్లు. బెలూన్ చికిత్సకు కవాటం అనువైనదో కాదో చెప్పే విల్కిన్స్ స్కోరు కూడా ఎకో నుండే వస్తుంది. రేడియేషన్ లేనందున గర్భిణులకు ఇదే తొలి పరీక్ష.

కాబట్టి ఈ ప్రాంతంలో పునాది ఎకోయే కావడం పేదరికంతో రాజీపడటం కాదు, శాస్త్రీయంగానూ సమంజసమే. ఎకో అంకెలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, లేదా అవి రోగి లక్షణాలతో పొసగనప్పుడు ఎం.ఆర్.ఐ., సి.టి.లకు పంపాలి. మార్కాపురం నుండో, కనిగిరి నుండో గుంటూరుకు వచ్చే రోగికి ప్రయాణంతో పాటు కనీసం ఒక రోజు కూలి నష్టం. ఆ ప్రయాణం వృథా కాకుండా ఉండాలంటే మొదటి నివేదికలోనే పరీక్ష సమయపు రక్తపోటు, గుండె లయ, సగటు తీసిన స్పందనల సంఖ్య, వాడిన యంత్రం పేరు నమోదు కావాలి. రక్తపోటు పెరిగితే కవాటం కారడం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వివరాలు లేకపోతే ఆరు నెలల తర్వాత వచ్చిన మార్పు వ్యాధిదో కొలతదో తేల్చడం సాధ్యం కాదు.