మీకు తెలుసా? చిగుళ్ల నెత్తురుకూ నడుము కొలతకూ లంకె ఉంది

పళ్లు తోముకుంటుంటే బ్రష్‌కు నెత్తురు అంటిందనుకోండి. అల్వాల్‌లోనైనా అమెరికాలోనైనా మనం ముందు మార్చేది పేస్టునే. దాంతోపాటు ఒకసారి నడుముకు టేపు కూడా చుట్టి చూడండి. మన దేశస్థుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువైనట్టే.

ఆ కొవ్వు ఊరికే పడి ఉండదు. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి వాపు పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి; దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. చిగుళ్లలో వాపు ముదిరి, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేను పరిశీలించిన రాబర్ట్ జెంకో బృందం, ఊబకాయాన్నీ చిగుళ్ల జబ్బునూ కలిపేది ఇన్సులిన్ నిరోధకతేనని 2005లో ప్రతిపాదించింది.

రాకపోకలు రెండువైపులా ఉంటాయి. చిగుళ్ల జబ్బు షుగర్‌నూ పెంచుతుంది. షుగర్ ఉన్నవారికి గార తీసి చికిత్స చేస్తే, మూడు నాలుగు నెలల్లో షుగర్ అదుపును చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 పాయింట్లు తగ్గుతుందని 2022 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతోంది. పళ్ల డాక్టరు దగ్గర ఇంత లాభమంటే తక్కువేం కాదు!

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది వట్టి అపోహ. అప్పటికే కదులుతున్న పంటిని గార కప్పి ఉంచుతుంది, అంతే.

ఐసీఎంఆర్ 2023 అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. చిగుళ్ల నుంచి నెత్తురు ఆగకపోతే పళ్ల డాక్టరును కలవండి, దగ్గర్లోని బస్తీ దవాఖానాలో షుగర్ కూడా చూపించుకోండి.