మీకు తెలుసా? కాంటా మీద బ్యాటరీ

లిథియం బ్యాటరీ అసలుదో కాదో పట్టుకోవడానికి ముందుగా కావలసింది మీటరు కాదు, టమాటాలు జోకే కాంటా. నాకీ సంగతి హైదరాబాద్ దగ్గరి చేవెళ్లలో తెలిసింది. వారాంతాల్లో ఊళ్లు తిరుగుతూ అందులోనే వండుకుని, అందులోనే పడుకోవచ్చని పాత వ్యాను ఒకటి సర్దుకుంటున్న రోజులవి. చవగ్గా వస్తోందని నగరంలో ఒక దుకాణంలో బ్యాటరీ కొన్నాను. పైన స్టిక్కరు మీద 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంది. చేవెళ్ల కూరగాయల మార్కెట్ దగ్గర ఆగి వెనక సామాను సర్దుతుంటే, టమాట బాక్సులు జోకుతున్న ఒకాయన వచ్చి దాన్ని ఒంటిచేత్తో లేపి చూశాడు. "గంత పెద్ద డబ్బకు గింతేనా అన్నా బరువు? జోకి చూద్దాం పా" అని కాంటా మీద పెట్టాడు. ఆరు కిలోల రెండు వందల గ్రాములు.

ఆయనకు బ్యాటరీల గురించి తెలియదు. కానీ ఆ తూకంలోనే మోసమంతా ఉంది. వ్యాన్లకు, ఇళ్లకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఒక్కో సెల్లు 3.2 వోల్టులు. నాలుగు వరసగా కలిపితే 12.8. వంద ఏహెచ్ సెల్లు ఒక్కోటి రెండు కిలోల దాకా తూగుతుంది కాబట్టి సెల్లులకే ఎనిమిది కిలోలు. డబ్బా, తీగలు, లోపలి సర్క్యూటు కలిస్తే పది నుంచి పన్నెండు. ఆరు కిలోల్లో వంద ఏహెచ్ ఇమడదు. స్టిక్కరు మీద ఎంతైనా రాయొచ్చు గానీ ఇనుము, ఫాస్ఫేటు తమ బరువు దాచుకోలేవు.

అనుమానం తీరాలంటే ఇంకో పరీక్ష ఉంది, దీనికీ పెద్ద ఖర్చు లేదు. మెకానిక్ దగ్గర దొరికే 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తెచ్చి, దాన్ని బండ మీద పెట్టి, నిండా చార్జయిన బ్యాటరీకి తగిలించి గడియారం చూడండి. గంటకు సుమారు ఐదు ఏహెచ్ తాగుతుంది. అసలైన వంద ఏహెచ్ అయితే ఇరవై గంటలు అటూఇటూగా వెలగాలి. నాది పదకొండో గంటలో ఆరిపోయింది. తూకం ఎంత చెప్పిందో బల్బూ అంతే చెప్పింది. తిరిగి ఇచ్చేసి, కాస్త ఎక్కువ పెట్టి పదకొండు కిలోలది తెచ్చుకున్నాను.

ఇలా వ్యానునే ఇల్లు చేసుకోవడం మనకు కొత్త కాదు. తెలుగువాళ్లకు క్యారవాన్ అనగానే సినిమా షూటింగే గుర్తొస్తుంది. అయితే రోడ్డు పక్క స్నానం, రోడ్డు పక్క భోజనం, వ్యాన్‌లోనే నిద్ర అన్న బతుకును ఊరూరా చూపించింది ఎన్టీఆర్ చైతన్య రథం. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టాక పాత షెవర్లే వ్యానును మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి మార్కెట్‌లో లిథియం అయాన్ బ్యాటరీ అన్నదే లేదు. జపాన్‌లో మొదటిది అమ్మకానికి వచ్చింది 1991లో. మనం ఇప్పుడు కొంటున్న ఐరన్ ఫాస్ఫేట్ రకం గురించి జాన్ గుడెనఫ్ బృందం 1997లో ఒక పరిశోధన పత్రంలో ప్రకటించింది. ఆ పత్రం మీద గుడెనఫ్ పేరుతో పాటు పాఢి, నంజుండస్వామి అన్న రెండు పేర్లున్నాయి. గుడెనఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. నోబెల్ అందుకున్నవాళ్లలో అందరికంటే పెద్ద వయసు ఆయనదే.

ఇంట్లో ఇన్వర్టరుకు 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ ఉందని వ్యాన్‌కూ 150 లిథియమే అడుగుతారు చాలామంది. అక్కర్లేదు. ట్యూబులర్ కలకాలం ఉండాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు. 150 ఏహెచ్ అంటే 1,800 వాట్ అవర్లు, అందులో వాడుకునేది 900. వంద లిథియంలో 1,280 ఉంటే వెయ్యికి పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒకటి యాభై కిలోలకు పైమాటే, రెండోది పన్నెండు. పైగా ట్యూబులర్ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. తలుపులు మూసుకుని పడుకునే వ్యాన్‌లో దాన్ని పెట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మరి ఒక రాత్రికి ఎంత కావాలి? మొయినాబాద్ దగ్గర తోటలో ఆగామనుకోండి. 30 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 240 వాట్ అవర్లు. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ రోజంతా కలిపి నాలుగైదు వందలు. దీపాలు, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపి 150. మొత్తం తొమ్మిది వందల లోపే. ఏసీ మాత్రం ఈ లెక్కలో లేదు. టన్ను ఏసీ గంటా గంటన్నరలో బ్యాటరీనంతా ఊడ్చేస్తుంది. తక్కువ ఖర్చులో వెళ్లేవాళ్లకు ఏసీ అంటే చెట్టు నీడే.

లోపలుండే బీఎంఎస్ గురించి దుకాణంలో ఎవరూ తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. సెల్లులను కాపలా కాసే సర్క్యూటు అది. చవక వంద ఏహెచ్ డబ్బాల్లో 50 ఆంపియర్ల బీఎంఎస్ పెడుతుంటారు. ఫ్యానుకు, దీపాలకు సరిపోతుంది. 750 వాట్ల మిక్సీ వేస్తే ఇన్వర్టరు నష్టంతో కలిపి 65 ఆంపియర్లు దాటుతుంది, మొదటి విసురుకు ఇంకా ఎక్కువ. అప్పుడు పచ్చడి సగం నలిగి ఉండగానే వ్యానంతా చీకటి. బ్యాటరీ చచ్చిపోయిందని కంగారుపడొద్దు. బీఎంఎస్ తనంతట తాను ఆపేసింది, అంతే. లోడు తీసి చార్జరు తగిలిస్తే మేలుకుంటుంది. వంద ఆంపియర్ల బీఎంఎస్‌కు కాస్త ఎక్కువ అడిగితే ఇచ్చేయండి, ఆ డబ్బు వృథా కాదు. ఇండక్షన్ పొయ్యి ఊసు మాత్రం ఎత్తకండి, అన్నం గ్యాసు మీదే.

డబ్బు మిగిలే చోట్లు వేరే ఉన్నాయి. "ఆరు వేల సైకిళ్లు" అని గొప్పగా రాసి ఉన్నదానికి ఎక్కువ ధర కడతారు. సైకిల్ అంటే ఒకసారి నిండి, ఒకసారి ఖాళీ కావడం. వారానికి రెండు రాత్రులు వాడితే ఏడాదికి వంద సైకిళ్లు. రెండు వేల సైకిళ్ల బ్యాటరీయే ఇరవై ఏళ్ల లెక్క. ఆలోగా వాడకం వల్ల కాదు, వయసు వల్లే అది ముసలిదవుతుంది. విదేశాల్లో చలి కోసం అమ్మే హీటరు రకమూ మనకొద్దు. సున్నా డిగ్రీల కింద చార్జింగ్ చేయకూడదనే ఆ ఏర్పాటు. చేవెళ్లలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. మన శత్రువు మే నెల. నలభై దాటిన ఎండలో మూసి ఉంచిన వ్యానులో, నిండా చార్జయిన బ్యాటరీని నెలల తరబడి వదిలేస్తే ఆయుష్షు తరిగిపోతుంది. సగం చార్జుతో, ఇంట్లో చల్లటి గచ్చు మీద పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం పైసా తగ్గించుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల నుంచి విప్పిన ప్యాకులు తక్కువకే దొరుకుతాయి. వాటిలో చాలావరకు నికెల్ మాంగనీస్ కోబాల్ట్ రకం. బాగా వేడెక్కితే అవి లోపలి నుంచే ఆక్సిజన్ వదిలి మండుతాయి. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా అంటుకోదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పై అంతస్తుల్లోని హోటల్ గదుల్లోకి పాకి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. మనం ఆ డబ్బాను తలాపున పెట్టుకుని పిల్లలతో నిద్రపోతాం. ఏ రకమైనా సరే, ప్లస్ తీగ మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఇంటి వైరింగు తీగ పనికిరాదు. వంద ఆంపియర్లు పారాలంటే 25 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ కావాలి. డబ్బా విప్పి చూపించగలిగితే సెల్లు మీది క్యూఆర్ కోడు గీకేసి ఉందేమో చూడండి. గీకేశారంటే దాని పుట్టుక దాచారన్నమాట.

వ్యాను ఆల్టర్నేటరుకు ఈ బ్యాటరీని నేరుగా కలిపితే, ఆల్టర్నేటరు ఎంత ఇస్తే బ్యాటరీ అంతా లాక్కుని దాన్ని కాల్చేయగలదు. మధ్యలో డీసీ-డీసీ చార్జరు ఉండాలి. 20 ఆంపియర్లదైనా చాలు. హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి చేరే రెండు గంటల్లో నలభై ఏహెచ్ నిండుతుంది. తోటలో కరెంటు ఉంటే ఇన్వర్టరును లిథియం మోడ్‌లో పెట్టండి. అది లేకపోతే ఎస్‌ఎంఎఫ్ (సీల్డ్ లెడ్ యాసిడ్) మోడ్, ట్యూబులర్ మోడ్ వద్దు. వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేమని కూడా గుర్తుంచుకోండి. మూడొంతులు ఉన్నా, మూడో వంతే ఉన్నా ముల్లు 13.2 దగ్గరే కదలకుండా నిలబడుతుంది. వెళ్లిన కరెంటును లెక్కపెట్టే షంట్ మీటరు వేరే కొనుక్కోవాలి.

ఇక సోలార్. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్, చేవెళ్ల మీదుగా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు నిలబడి ఉండేవి. రోడ్డు వెడల్పు చేసే పనిలో అవి పోకూడదని చెట్లను ప్రేమించేవాళ్లు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఆ చెట్లంటే నాకూ ప్రాణం. కానీ ప్యానెల్‌కు మర్రి నీడ పడదు. అందులో సెల్లులు వరసగా కలిసి ఉంటాయి, ఒక కొమ్మ నీడ ఓ మూల పడినా ప్యానెల్ ఇచ్చే కరెంటు బాగా పడిపోతుంది. వ్యాను కప్పు మీద బిగించేశామంటే ఎండలో మాడాలి, లేదా చార్జింగ్ వదులుకోవాలి. అందుకే నేను వంద వాట్ల ప్యానెల్‌ను బిగించకుండా విడిగా ఉంచాను. తోట బాటలో వ్యాను చెట్టు కింద, ప్యానెల్ పది మీటర్ల తీగతో గట్టు మీద ఎండలో. మంచి ఎండ రోజున 400 వాట్ అవర్ల దాకా వస్తుంది, అంటే ఫ్యానుకు ఒక రాత్రి, ఇంకా పైన కొంచెం.

చివరగా, పాతబడ్డ బ్యాటరీ సంగతి. మొయినాబాద్ నేల మీద పడ్డ వాన ఉస్మాన్‌సాగర్‌కో హిమాయత్‌సాగర్‌కో దారి వెతుక్కుంటుంది. ఆ రెండు చెరువుల కోసమే 1996లో 111 జీవో వచ్చింది, 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టింది. అలాంటి చోట పాత బ్యాటరీని తోట మూల గుంటలో పడేసి రావడం చూశాను, కడుపు తరుక్కుపోయింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతదాన్ని సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుది. కొనేటప్పుడే "పాతది ఎక్కడ ఇవ్వాలి?" అని అడిగి, ఆ జవాబు బిల్లు వెనక రాయించుకోండి. నేను రెండోసారి కొన్నచోట రాసిచ్చారు. ఆ బిల్లు వ్యాను డ్యాష్‌బోర్డు అరలో, ఆర్సీ పక్కనే ఉంది.