దెబ్బలు తిన్నవారి మందుల ఖర్చు ఎవరిది?

ఒక మనిషి మరొక మనిషిని కొట్టినాడు. కొట్టినవాడి సంగతి పోలీసులు చూస్తారు, కోర్టు చూస్తుంది. నేరము రుజువైతే శిక్ష, కాకపోతే విడుదల. మరి దెబ్బలు తిన్నవాడి సంగతి ఎవరు చూస్తారు? విరిగిన చేతికి కట్టు కట్టించాలి. తలకు ఫోటోలు తీయించాలి. మందులు కొనాలి. రెండు మూడు నెలలు పనిలోకి పోలేడు గనుక జీతము ఉండదు. ఇంట్లో ఇల్లాలి మెడలోని గొలుసు తాకట్టుకు పోతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, తన్నులు తిన్నవాడే అప్పులపాలు కూడా అవుతాడు.

ఈ ప్రశ్నకు మన దేశపు చట్టంలో జవాబున్నది. అది మన ఇళ్లలో చాలామందికి తెలియదు. నేను వకీలును కాను. ఆఫీసులో కాగితాలు చూచుకొనే గుమాస్తాను. ఫైలు ఎందువల్ల కదులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇన్నేళ్లుగా చూస్తున్నవాణ్ణి గనుక, ఈ విషయంలో ఏ కాగితము ఎక్కడికి పోవాలో నాకు తెలిసినంతవరకు చదువరులకు మనవి చేస్తున్నాను.

పాతకాలపు ధర్మము

గాయపరచినవాడే వైద్యపు ఖర్చు ఇచ్చుకోవాలన్న మాట మనకు కొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలోనూ, యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారకాండలోనూ ఈ నియమమున్నది. దానికి సముత్థాన వ్యయమని పేరు. అంటే దెబ్బతిన్నవాడు లేచి తిరిగేవరకు అయ్యే ఖర్చు. రాజుకు కట్టే జరిమానా వేరు, గాయపడినవానికి ఇచ్చే ఈ ఖర్చు వేరు అని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్యుల కల్యాణ నగరంవాడు. అది నేటి కర్ణాటకలోని బసవకల్యాణము. ఆ ధర్మశాస్త్రాన్ని ఆధారము చేసుకొని పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరమనే గ్రంథము వ్రాసినాడు. కన్నడ దేశపు శాస్త్రము తెలుగువారి ఇంటికి వచ్చిన వైనమిది.

తరువాత ఇంగ్లీషువారి కాలంలో నేరమన్నది సర్కారుకూ నేరస్థుడికీ మధ్య వ్యవహారమైపోయింది. గాయపడినవాడు సాక్షిగా మాత్రమే మిగిలినాడు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో, విధించిన జరిమానాలోనుంచి బాధితునికి కొంత ఇప్పించవచ్చునని 545వ సెక్షను ఉండేది. 1973 నాటి కోడులో అది 357వ సెక్షను అయినది. జరిమానా వేయకపోయినా పరిహారము ఇప్పించే అధికారము కోర్టుకు అందులో కలిగింది. అయితే కోర్టులు దాన్ని వాడుక చేసినది తక్కువ. ఈ అధికారాన్ని ఉదారంగా వాడవలసినదని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి కేసులోనూ పరిహారము సంగతి ఆలోచించి తీరవలెనని, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణము వ్రాయవలెనని 2013లో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో మళ్లీ చెప్పవలసి వచ్చింది.

దీనిలో ఒక చిక్కున్నది. కొట్టినవాడు దొరికితే గదా అతనిచేత ఇప్పించేది? దొరికినా అతని దగ్గర చిల్లిగవ్వ లేకపోతే? ఈ లోటు తీర్చడానికే కొన్ని దేశాలు ప్రభుత్వ ఖజానానుంచి బాధితులకు సొమ్ము ఇచ్చే పద్ధతి పెట్టినవి. న్యూజిలాండు, బ్రిటన్ దేశాలలో ఇది 1964లో మొదలైనది. మన దేశంలో అటువంటి సెక్షను, అంటే 357ఎ, అమలులోకి వచ్చినది 2009 డిసెంబరు 31న. దానికోసము కర్ణాటకము 2011లోనూ, తమిళనాడు 2013లోనూ, మహారాష్ట్ర 2014లోనూ పథకాలు ప్రకటించినవి. ఒడిశా పథకము 2017 నాటిది.

ఇప్పటి చట్టములో మూడు దారులు

2024 జూలై 1నుంచి పాత కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉన్నది. సెక్షన్ల నంబర్లు మారినవి గాని దారులు మారలేదు.

మొదటి దారి 395వ సెక్షను. శిక్ష పడినప్పుడు నేరస్థుడిచేత బాధితునికి పరిహారము ఇప్పించడము. ఇది కేసు ముగిసినాక జరిగేది. అప్పీలు వేస్తే అదీ తేలేవరకు సొమ్ము చేతికి రాదు.

రెండవ దారి 396వ సెక్షను. సర్కారు సొమ్ముతో ఇచ్చే పరిహారము. నేరము వల్ల నష్టమో గాయమో పొంది, మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయము అవసరమైనవారికీ, వారిపై ఆధారపడినవారికీ ఇది వర్తిస్తుంది. విచారించిన కోర్టు సిఫారసు చేయవచ్చును. ముద్దాయి విడుదలయినా సరే, బాధితునికి సాయము కావలెనని తోస్తే సిఫారసు చేయవచ్చును. అసలు నేరస్థుడెవరో తెలియక విచారణే జరగకపోతే బాధితుడే స్వయంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ పూర్తిచేయవలెనని సెక్షనులోనే ఉన్నది. ఇంకొక ముఖ్యమైన మాట. పోలీసు స్టేషను అధికారిగాని మేజిస్ట్రేటుగాని సర్టిఫికెట్టు ఇస్తే, ప్రథమ చికిత్సగాని వైద్య సౌకర్యముగాని ఉచితంగా అందజేయవలసినదని ఆ సంస్థ వెంటనే ఆర్డరు వేయగలదు. మధ్యంతర సహాయమూ ఇవ్వగలదు. అంటే కేసు తేలేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు.

మూడవ దారి 397వ సెక్షను. ఆసిడు దాడికి, అత్యాచారానికి గురియైనవారికి, లైంగిక నేరాల పాలైన పిల్లలకు ఏ ఆస్పత్రి అయినా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేసి పోలీసులకు తెలియజేయవలెను. చేయని ఆస్పత్రి బాధ్యులకు ఏడాదివరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తక్కిన దెబ్బల విషయంలో ఉచితమన్న హామీ ఈ సెక్షనులో లేదు. కాని ముందు ప్రాణము కాపాడడము ప్రతి డాక్టరు విధి అనీ, పోలీసు కాగితాలకోసము చికిత్స ఆపరాదనీ 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పివున్నది.

లక్ష్మి కేసు

ఈ హక్కులు ఊరకే రాలేదు. ఢిల్లీలో లక్ష్మి అనే పిల్లపై 2005లో ఆసిడు పోసినారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. 2006లో ఆమె సుప్రీంకోర్టుకు పిటీషను పెట్టుకొన్నది. 2013 జూలైలో కోర్టు, ఆసిడు దాడికి గురియైనవారికి 3 లక్షలకు తగ్గకుండా ఇవ్వవలెనని, అందులో లక్ష 15 రోజులలోగా, తక్కిన 2 లక్షలు ఆ తరువాత రెండు నెలలలో అందవలెనని ఆదేశించింది. 2015 ఏప్రిల్‌లో అదే కేసులో, ప్రైవేటు ఆస్పత్రులు కూడా మందులు, పడక, భోజనము, ముఖము సరిచేసే ఆపరేషన్లతో సహా ఉచితంగా చూడవలెనన్నది. అదే సంవత్సరము డిసెంబరులో బీహారుకు చెందిన మరొక కేసులో ఒక అమ్మాయికి 10 లక్షలు, ఆమెతోపాటు గాయపడిన చెల్లెలికి 3 లక్షలు ఇప్పించి, 3 లక్షలన్నది కనీసమే గాని పరిమితి కాదని తేల్చిచెప్పింది.

ఆ తరువాత స్త్రీ బాధితులకోసము జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకము 2018 అక్టోబరు 2నుంచి వచ్చింది. దానిలో ఆసిడువల్ల ముఖము వికృతమైతే 7నుంచి 8 లక్షలు, అత్యాచారానికి 4నుంచి 7 లక్షలు, తీవ్రమైన దేహ గాయానికి 1నుంచి 2 లక్షలు, ప్రాణము పోతే కుటుంబానికి 5నుంచి 10 లక్షలు అని పట్టీ ఉన్నది. రాష్ట్రాలు దీనికి ఎక్కువ ఇవ్వవచ్చునుగాని తక్కువ చేయరాదు. పురుషులకు ఆయా రాష్ట్రాల సాధారణ పథకము వర్తిస్తుంది. ఆ పట్టీలు వేరు, మొత్తాలు వేరు.

మొత్తము పేరు విని అంతా ఒకేసారి చేతికి వస్తుందనుకోవద్దు. ఈ 2018 పథకం ప్రకారము మామూలుగా నూటికి 25 వంతులు మాత్రమే వెంటనే ఖర్చుకు వస్తుంది. తక్కిన 75 వంతులు కనీసము మూడేళ్లు బ్యాంకు డిపాజిటులో ఉంటుంది. అప్పు తీర్చే లెక్క వేసుకొనేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఏ కాగితాలు ఉండాలి

అడగనిదే అమ్మయినా పెట్టదు. అడగడానికి నోరు చాలదు, కాగితము కావాలి.

మొదటిది ఎఫ్.ఐ.ఆర్. నకలు. ఫిర్యాదు చేసినవారికీ, బాధితులకూ దీన్ని ఉచితంగా ఇవ్వాలి. నేరము ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు వ్రాసుకోవలసినదేనని కొత్త చట్టము చెపుతున్నది.

రెండవది ఆస్పత్రి రికార్డు. వెళ్లగానే, ఇది కొట్లాటలో తగిలిన దెబ్బ అని డాక్టరుకు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మెట్లమీద జారిపడినానని పరువుకోసము చెప్పినమాట రికార్డులోకి ఎక్కితే, తరువాత దాన్ని తుడిపివేయడము ఎవరి తరమూ కాదు. తమిళనాడులో దీన్ని ఏ.ఆర్. కాపీ అంటారు. కర్ణాటకలో ఎం.ఎల్.సి. అంటారు, ఊండ్ సర్టిఫికెట్టు అని కూడా అడుగుతారు.

మూడవది ఖర్చుల లెక్క. మందుల చీటీ, బిల్లు రెండూ జతపరచి తేదీలవారీగా ఒక సంచిలో వేయండి. ఆటో ఖర్చు కూడా ఒక నోటుబుక్కులో వ్రాయండి. పనిచేసేచోటునుంచి ఎన్ని రోజులు జీతము పోయినదో వ్రాయించి తెచ్చుకోండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచి జిరాక్సులు ఇవ్వండి. ఇచ్చినదానికి ముద్ర వేయించుకొన్న రసీదు లేకుండా కౌంటరు వదిలి రావద్దు.

గడువు మాట మరువవద్దు. స్త్రీల పథకంలో మూడేళ్లు. రాష్ట్ర పథకాల గడువులు వేరు గనుక ఆలస్యము చేయకుండా పెట్టుకోవడమే మేలు. దరఖాస్తు త్రోసివేస్తే రాష్ట్ర సంస్థకు అప్పీలున్నది.

ఎక్కడికి పోవాలి

మనవారికి తికమక కలిగించేది ఇదే. మనము తెలుగువారమైనా, నేరము జరిగిన రాష్ట్రపు పథకమే మనకు వర్తిస్తుంది. యానాములో జరిగితే, చుట్టూ ఆంధ్రదేశమే అయినా, పుదుచ్చేరి పథకము. యానామువారికి కాకినాడలో జరిగితే ఆంధ్రప్రదేశ్ పథకము. పెళ్లికని చిత్తూరు పోయిన హోసూరువారికి అక్కడ దెబ్బ తగిలితే దరఖాస్తు చిత్తూరు జిల్లాకే.

ఆఫీసు సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. బోర్డుమీద తమిళంలో మావట్ట సట్టప్పణిగళ్ ఆణైక్కుళు అనీ, కన్నడంలో జిల్లా కానూను సేవెగళ ప్రాధికార అనీ, మరాఠీలో జిల్హా విధి సేవా ప్రాధికరణ్ అనీ, ఒడియాలో జిల్లా ఆయిన సేవా ప్రాధికరణ అనీ ఉంటుంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు తెగలవారికి ఆదాయముతో పనిలేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. టెలిఫోను నంబరు 15100.

మన ఇళ్లలో వినబడే మాట

ఇంత చెప్పినా కొందరు పెద్దలు ఏమంటారో నాకు తెలుసు. “పొట్ట చేతబట్టుకొని పరాయి గడ్డకు వచ్చినవాళ్లము. మనకెందుకు బాబూ స్టేషన్లూ కోర్టులూ? నలుగురినీ కూర్చోబెట్టి రాజీ చేసుకొందాము.” వచ్చినది తాతల కాలంలో. ఓటు ఇక్కడే, పన్ను ఇక్కడే, శ్మశానమూ ఇక్కడే. ఇంకా పరాయి గడ్డ ఏమిటి? ఈ పరిహారపు నిధి మనము కూడా కట్టిన పన్నులతో నిండినదే.

రాజీ చెడ్డదని నేననను. ఇరుగుపొరుగుల మధ్య చిన్న తగాదాలకు చట్టమే రాజీని ఒప్పుకొంటుంది. ఆయుధముతో చేసిన తీవ్ర గాయము వంటివాటికి ఒప్పుకోదు. అయితే మన పంచాయతీలలో జరుగుతున్నదేమిటి? రెండు కుటుంబాల పరువు లెక్కకు వస్తుంది, మందుల బిల్లు లెక్కకు రాదు. గాయపడినది కోడలో, కూలికిపోయే కుర్రవాడో అయితే అసలే రాదు. ఎఫ్.ఐ.ఆర్. లేదు, ఆస్పత్రి రికార్డు లేదు, కనుక సర్కారు సొమ్ముకూ దారి మూసుకొనిపోతుంది. ఆరు నెలలకు అదే చేయి మళ్లీ నొప్పి పెడితే, రాజీ చేసిన పెద్దలెవరూ ఆస్పత్రికి వెంట రారు. అందుకని పెద్దలకు ఒక్కటే మనవి. రాజీ మాట తరువాత. ముందు ఆస్పత్రి, ఆ వెంటనే ఫిర్యాదు.

మన సంఘాలవారికీ ఒక మనవి. మనలో చాలామందికి ఇక్కడి భాష మాట్లాడడము వచ్చును, దరఖాస్తు వ్రాయడము రాదు. ప్రతి సంఘములోనూ స్థానిక భాషలో దరఖాస్తు వ్రాయగల ఒకరిద్దరు ముందుకు వచ్చి, ఆదివారము ఒక గంట సంఘ భవనంలో కూర్చొంటే ఎంతో మేలు. జిల్లా ఆఫీసునుంచి దరఖాస్తు ఫారాలు తెచ్చి బీరువాలో ఉంచుకోవచ్చును. ఉగాది పండుగకు, వనభోజనాలకు చందా పోగుచేయగల మనకు ఇది కష్టమైన పని కాదు. దెబ్బ తగిలిన మనిషి మంచంమీద ఉండగా, అతని తరఫున కౌంటరు దగ్గర నిలబడేవాడు ఒకడు కావాలి.