ఎండకు సంకరజాతి ఆవు ఎందుకు రొప్పుతుంది?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ రోజుల్లో మధ్యాహ్నం వేళ మీ కొట్టంలోకి ఒకసారి తొంగిచూడండి. ఒంగోలు ఆవు తాపీగా నెమరు వేస్తూ ఉంటుంది. పక్కనే కట్టిన జెర్సీ సంకరజాతి ఆవు చొంగ కారుస్తూ రొప్పుతూ ఉంటుంది. ఎండ ఒక్కటే గదా, ఈ తేడా ఎందుకు వచ్చినట్లు?

ఆవు ఒంటివేడి సుమారు 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉండాలి. బయట ఎండ ముదిరినప్పుడు లోపలి వేడిని చెమటతోను, శ్వాసతోను బయటకు పంపవలసి ఉంటుంది. మన నాటు ఆవుకు చెమట గ్రంథులు పెద్దవి. చర్మం పైభాగానికి దగ్గరగా ఉంటాయి. ఒంగోలు జాతి తెల్లని పొట్టి వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి. బ్రెజిల్ వారు ఈ జాతిని తీసుకుపోయి ‘నెలోర్’ అనే పేరుతో మందలు మందలుగా పెంచుకోవడానికి ఈ ఓర్పు కూడా ఒక కారణమే.

ఇంకొక సంగతి ఉన్నది. పాలు కావాలంటే మేత కావాలి. మేత అరిగేటప్పుడు, పాలు తయారయ్యేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఎక్కువ పాలిచ్చే ఆవుకు లోపలి పొయ్యి కూడా పెద్దదే! అందుచేత ఎండ ముదరగానే అది తనంతట తానే మేత తగ్గించుకుంటుంది, పాలు తగ్గుతాయి. ఎద సరిగా కనిపించదు, కట్టించినా చూలు నిలవదు. ఈ వేసవి నష్టం వచ్చే ఏడు ఈత ఆలస్యమైనప్పుడు గాని మనకు తెలిసిరాదు.

ఆవు డొక్క ఎగసిపడటం ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 దాటితే వేడి బాధ మొదలైనదన్నమాట. నోరు తెరచి నాలుక చాచితే వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి, పశువైద్యునికి కబురు చేయండి.

రేకుల కొట్టమైతే పైన తాటాకు గాని, వరిగడ్డి గాని పరవండి. గాలి ఆడనివ్వండి, గాలి లేనిచోట ఊరికే తడిపితే ఉక్క పెరుగుతుంది. తొట్టిలో నీరు రాత్రింబవళ్ళు ఉండాలి. మేత, దాణా తెల్లవారుజామున, పొద్దుగుంకిన తరువాత వేయండి. దాణాలో ఉప్పు మరువవద్దు.

ఏ ఆవు మేలని చాలామంది అడుగుతారు. నీడ, నీరు, పచ్చిమేత వేసవిలో కూడా అమర్చగలవారికి సంకరజాతి లాభమే. అయినా విదేశీ రక్తం సగం దాటి పెంచుకుంటూ పోయేకొద్దీ ఎండకు ఓర్చే శక్తి తగ్గుతుంది. కనుక సూది వేయించేముందు అది ఏ జాతి వీర్యమో అడిగి తెలుసుకోండి. ఆ వసతులు లేనివారు మంచి నాటు ఆవునే నమ్ముకోవడం క్షేమం.