మరిచిపోని పనివాడు - మేక్‌ఫైల్

ఆదోనిలో జిన్నింగ్ అయిన పత్తి నూలై, ఎమ్మిగనూరు మగ్గం మీద చీర అవుతుందనుకుందాం. అంచు రంగు నచ్చకపోతే ఆ నూలుకే మళ్లీ రంగు వేస్తారు గాని, పత్తిని తిరిగి జిన్నింగ్‌కు పంపరు. సాఫ్ట్‌వేర్ తయారీలో ఇదే తెలివి చూపేది 'మేక్' అనే ప్రోగ్రాము.

తమ్ముళ్లూ, సి భాషలో పెద్ద ప్రోగ్రామును ఒకే ఫైలులో రాయరు. మా పి.జి. ప్రాజెక్టులో మార్కులకు ఒక ఫైలు, హాజరుకు ఒకటి, ముద్రణకు ఒకటి, అన్నిటికీ ఉమ్మడిగా ఒక హెడర్ ఫైలు ఉండేవి. ఒక్కోదాన్ని కంపైల్ చేస్తే ఆబ్జెక్ట్ ఫైలు వస్తుంది. వాటిని లింకు చేస్తే నడిచే ప్రోగ్రాము వస్తుంది. ఇదంతా మేము చేత్తో టైపు చేసేవాళ్లం. డెమో ముందురోజు రాత్రి హెడర్‌లో రోల్ నంబరుకు అంకెలు పెంచి, హాజరు ఫైలును తిరిగి కంపైల్ చేయడం మరిచాం. తెల్లారి ఎగ్జామినర్ ఎదుట ఒకరి హాజరు మరొకరి పేరున పడింది! మిరపకోతలకు గుంటూరు వెళ్లి మాకు ఫీజు కట్టిన ఇంటివాళ్లే కళ్లముందు మెదిలారు. మధ్యాహ్నం ఇంకో అవకాశం ఇచ్చారు. ఒక్క అక్షరం మార్చకుండా అన్నీ మళ్లీ కంపైల్ చేస్తే సరిగ్గా నడిచింది.

ఇది పెద్దవాళ్లకూ జరిగిందే. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఇలాగే, దిద్దిన ఫైలు కంపైల్ కాలేదని తెలియక, లేని తప్పును వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్నాడు. అది విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాశాడు.

మేక్‌ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలే. ఒక వరుసలో తయారుకావలసిన ఫైలు పేరు, కోలన్, ఆపై అది ఆధారపడే ఫైళ్ల పేర్లు రాయాలి. కింది వరుసలో తయారుచేసే ఆదేశం. ఇక 'మేక్' అని కొడితే, ఫైళ్లు చివరిసారి మారిన సమయాలను అది పోల్చుకుంటుంది. ఆధారం కొత్తదై, దాన్నుంచి తయారైనది పాతదైతే ఆ మెట్టును, దానిమీద ఆధారపడిన పై మెట్లను మాత్రమే మళ్లీ నడుపుతుంది. హాజరు ఆబ్జెక్ట్ వరుసలో హెడర్ పేరు ఉంటే మాకు ఆ అవస్థ తప్పేది. అయితే ఆ పేరు రాయడం మరిస్తే మేక్ కూడా కాపాడలేదు. మనం చెప్పిన సంబంధాలే దానికి తెలుసు.

ఆదేశానికి ముందు స్పేసులు కాదు, ట్యాబ్ కొట్టాలి. ఫెల్డ్‌మన్‌కు ఈ ఇబ్బంది తెలిసేసరికే ఓ పన్నెండు మంది మేక్‌ను వాడుతున్నారట. వాళ్లను కష్టపెట్టడమెందుకని వదిలేశాడు. దాని ఫలితం మేమూ ఒక గంటసేపు అనుభవించాం.

పాత కంప్యూటర్లలో బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు ఇప్పుడే దిద్దిన ఫైలు కూడా పాతదిగా కనబడి, మేక్ దాన్ని వదిలేస్తుంది. కనుక మేక్ నడిపేముందు ఒకసారి తేదీ చూసుకోండి.